వంటగట్టుకి రాయి వెతికిన మూడు వారాలు

మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు గ్యాస్ గట్టు అడుగునుంచి అరచేతంత సిమెంటు పెచ్చు ఊడి కందిపప్పు డబ్బా మీద పడింది. వంగి చూస్తే స్లాబులోని ఇనుప చువ్వలు ఎర్రగా తుప్పుపట్టి బయటికి కనబడుతున్నాయి. మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో పాతికేళ్లు దాటిన ఫ్లాటు. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కిటికీ తీస్తే సముద్రపు గాలి నేరుగా లోపలికి వస్తుంది. ఆ గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన చువ్వ లావెక్కి చుట్టూ ఉన్న కాంక్రీటుని లోపలినుంచి పగలగొడుతుంది. మా బాల్కనీ సన్‌షేడు ఇదివరకే అలా పోయింది. వంటింట్లో దానికి సింకు కింద చెమ్మ కూడా తోడైంది.

మేస్త్రీ వచ్చి ఇనుప కడ్డీతో రెండుచోట్ల తట్టి చూశాడు. "ఇది పైపైన పూసేది కాదమ్మా, గట్టు మొత్తం తీసెయ్యాల" అన్నాడు. దానితో రాయి కూడా మార్చాల్సి వచ్చింది.

పాత రాయి కడప బండ. 1998లో ఈ ఫ్లాట్లో దిగినప్పుడు మా అత్తయ్య దగ్గరుండి వేయించుకున్నది. అంచులు గుండ్రం చేయించి, ప్రతి శుక్రవారం కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, నల్లగా మెరిసేలా చూసుకునేవారు. కానీ పొయ్యికి ఎడమవైపు ఒకచోట మాత్రం తెల్లగా, చేత్తో రాస్తే గరుకుగా ఉండేది. రోజూ చింతపండు పిసికే చోటు అది. పులుసు చేసినా, చారు పెట్టినా, పనసపొట్టు ఆవ పెట్టినా చింతపండు గిన్నె అక్కడే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపునుంచి వచ్చే ఈ బండ నిజానికి సున్నపురాయి. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లం సున్నపురాయిని కరిగిస్తాయి. అది రాయికి అంటుకున్న మరక కాదు, రాయే పైపొర పోగొట్టుకున్న చోటు. ఎంత తోమినా నల్లబడదు. ఇంతకాలం ఆ తెల్ల మచ్చని నేను శుభ్రం లేకపోవడం అనుకున్నాను. అత్తయ్యకి ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు గానీ మనసులో అనుకున్నాను. అసలు కారణం తెలిశాక చాలా బాధేసింది.

నాకు మాత్రం తెల్ల క్వార్ట్జ్ మీద, అంటే రాతిపొడి అతికించి చేసే పలక మీద మనసు. మధురవాడలో మా తోటికోడలు వాళ్లు కొత్త అపార్టుమెంటు కొనుక్కుని తెల్లటి గట్టు వేయించుకున్నారు. లోపలికి అడుగుపెడితే వంటిల్లు రెట్టింపైనట్టుంటుంది. మా వంటిల్లు తూర్పుకే ఉన్నా పక్క బిల్డింగు అడ్డం వచ్చి తొమ్మిది దాటితే చీకటే. తెల్ల గట్టు ఉంటే కాస్త వెలుగొస్తుందని నా ఆశ. మా వారు "నువ్వు ఏది అంటే అది" అన్నారు. అత్తయ్య ఏమీ అనలేదు.

మొదట వెళ్లిన షోరూములో చదరపు అడుగు 480 రూపాయలు చెప్పారు. మా గట్టు ఎల్ ఆకారం. ఒక గోడ వెంట తొమ్మిది అడుగులు, రెండోవైపు ఆరు, లోతు రెండు అడుగులు. మూల రెండుసార్లు లెక్కలోకి రాకుండా చూస్తే 26 చదరపు అడుగులు. కానీ క్వార్ట్జ్ కోసి అమ్మరు, పలక మొత్తం తీసుకోవాలి. ఆ పలక 50 అడుగుల పైమాటే. ఫిట్టింగు కాకుండానే పాతిక వేలకి దగ్గరికి వెళ్లింది. డబ్బు సంగతి సరే, ఇంట్లో పడుతుందో లేదో చూశాకే అడ్వాన్సు ఇస్తానన్నాను. వాళ్లు బెత్తెడు ముక్క ఒకటి ఇచ్చారు.

ఆ ముక్క చేతికొచ్చాక మిగతా రాళ్లవి కూడా అడగొచ్చు కదా అనిపించింది. ఆనందపురం దారిలో హైవే పక్కనున్న గ్రానైట్ షాపులు తిరిగి, పగిలిన పలకల నుంచి తలా ఒక ముక్క అడిగి తెచ్చుకున్నాను. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, తెల్లటి మీద ఎర్ర చుక్కలుండే కశ్మీర్ వైట్, నీలం కలిసిన బూడిదరంగు శ్రీకాకుళం బ్లూ, ఒక చిన్న పాలరాయి ముక్క. ఎవరూ కాదనలేదు. ఒక షాపులో కుర్రాడైతే గుడ్డసంచిలో కట్టి స్కూటీ మీద పెట్టాడు కూడా.

ఇక ఆ ఆదివారం బాల్కనీలో పాత పేపరు పరిచి అయిదు ముక్కలూ వరసగా పెట్టాను. ఒక్కోదాని మీద నాలుగు చోట్ల నాలుగు పెట్టాను: చిక్కటి చింతపండు గుజ్జు, నిమ్మచెక్క, పసుపు కలిపిన నువ్వుల నూనె, ఉత్త నీటి బొట్టు. మా ఇంట్లో గట్టు మీద రోజూ పడేవి ఇవే. షోరూము దీపాల కింద రాయి ఎలా మెరుస్తుందో నాకు అనవసరం, వీటిని తట్టుకుంటుందో లేదో తెలియాలి.

పదిహేను నిమిషాలకి పాలరాయి మీద నిమ్మచెక్క తీసి తుడిచాను. వెలుతురికి అడ్డంగా పట్టి చూస్తే నిమ్మచెక్క పెట్టినంత మేర పాలిష్ పోయి గుండ్రంగా మసక మచ్చ కనబడింది. అత్తయ్య గట్టు మీద ఉన్న తెల్ల మచ్చ, ఇదీ ఒకటే. పాలరాయిది కూడా సున్నం జాతే. దాన్ని అక్కడికక్కడే పక్కన పెట్టేశాను.

కశ్మీర్ వైట్ మీద నీటిబొట్టు పెట్టిన చోట రాయి ముదురు రంగుకి తిరిగింది. ఆరాక మామూలైంది. నూనె మాత్రం మర్నాటికి కూడా పోలేదు, రాయిలోకి దిగిపోయింది. ఇలాంటి రాళ్లకి సీలర్ అని ఒక ద్రవం పూసి కొన్నాళ్లు ఆపొచ్చు, ఆ పూత అరిగాక మళ్లీ పూయాలి. నీటిబొట్టు పెడితే రాయి ముదురైందంటే పూత అరిగినట్టే. ఆవకాయ రోజుల్లో మా ఇంట్లో ఆరు కేజీల కాయకి నూనె కలిపేది ఈ గట్టు మీదే. నాకు ధైర్యం చాలలేదు.

గెలాక్సీ మీద ఏమీ అంటలేదు. శ్రీకాకుళం బ్లూ మీద నూనె చోట లీలగా ఒక నీడ ఉండి రెండోరోజుకి పోయింది.

తెల్ల క్వార్ట్జ్ నూనెనీ నీళ్లనీ పీల్చలేదు, నిమ్మకాయకి చలించలేదు. పసుపు మాత్రం పట్టుకుంది. సబ్బుతో తోమితే సగం పోయింది. బాల్కనీ ఎండలో రెండు రోజులు పెడితే మిగతా సగం వెలిసింది, పసుపు రంగు వెలుతురికి నిలవదు కాబట్టి. అలాగని గట్టుని తీసుకెళ్లి ఎండలో పెట్టలేం కదా. నా మనసు మార్చింది మాత్రం పసుపు కాదు. దోసెల పెనం పొయ్యి మీదనుంచి దించి సరాసరి ఆ ముక్క మీద పెట్టాను. మా ఇంట్లో అలాగే పెడతాం, స్టాండు మీద పెట్టే అలవాటు లేదు. నాలుగు నిమిషాల తర్వాత తీస్తే కాలిన ప్లాస్టిక్ లాంటి వాసన సన్నగా వచ్చింది. చల్లారాక చూస్తే పెనం అంచు మేర పాలిపోయిన గీత. క్వార్ట్జ్ పలక అంటే రాతి పొడి, దాన్ని అతికించే రెజిన్. బరువులో తొంభై శాతం పైన రాతిపొడే అయినా పట్టుకుని ఉంచేది ఆ మిగిలిన రెజిన్. నూటయాభై డిగ్రీలు దాటితే అది తట్టుకోదు. దోసె పెనం వేడి అంతకంటే ఎక్కువే. తోటికోడలు ఇంట్లో వేడి గిన్నె పెట్టడానికి చెక్క పలకలు ఎందుకు ఉన్నాయో అప్పుడు అర్థమైంది. ఆవిడకి ఆ అలవాటు కుదిరింది. డెబ్బై రెండేళ్ల మా అత్తయ్యకి ఇప్పుడు కొత్తగా ఆ అలవాటు చెయ్యమనడం నాకు న్యాయంగా అనిపించలేదు.

ఇక గెలాక్సీ ఖాయం అనుకున్నాం. చీమకుర్తి రాయి. నల్లటి మీద బంగారు రవ్వలు. మనం గ్రానైట్ అంటాం గానీ భూగర్భ శాస్త్రవేత్తలు గాబ్రో జాతి అంటారు. ఆ రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజం తళుకు. ధర కనుక్కోవడానికి ఇంకో షాపుకి వెళ్తే అక్కడ రవ్వలు లేని ఉత్త నల్ల రాయి "జెట్ బ్లాక్, ఇదే స్పెషల్" అని తక్కువ ధరకి చూపించారు. మా నాన్న కాంట్రాక్టు పనులు చూసేవారు. నల్లరాయి కొనేటప్పుడు తెల్ల గుడ్డకి థిన్నర్ అద్ది తుడిచి చూడమని ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది. బ్యాగులో గోళ్లరంగు తుడిచే సీసా, చేతిరుమాలు ఉన్నాయి. మూలన తుడిస్తే రుమాలు నల్లబడింది. బూడిద రంగు రాయికి రంగు పట్టించి నల్లగా చేశారు. ఆరు నెలలు వంట చేస్తే సింకు చుట్టూ వెలిసిపోయేది. నేను ఏమీ గొడవ పడలేదు, రుమాలు మడిచి పెట్టుకుని వచ్చేశాను. కానీ అది తెలియక కొనేవాళ్ల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. నల్లరాయి కొనే ప్రతి ఒక్కరూ ఆ పని చెయ్యండి. నిజమైన నల్లరాయి గుడ్డకి రంగు అంటించదు.

గెలాక్సీకి అడ్వాన్సు ఇచ్చే ముందురోజు గోపాలపట్నంలో మా అక్క ఇంటికి భోజనానికి వెళ్లాం. వాళ్లది గెలాక్సీ గట్టే, ఏడేళ్లయింది. కొళాయి చుట్టూ తెల్లటి చారలు. వాళ్లది బోరు నీళ్లు, ఉప్పెక్కువ. నల్లరాయి మీద ప్రతి నీటి చుక్కా ఆరి తెల్ల ముద్ర వేస్తుంది. "రోజుకి మూడుసార్లు పొడిగుడ్డ పెట్టకపోతే చూడలేమే" అంది అక్క. మాకూ వేసవిలో కార్పొరేషన్ నీళ్లు చాలక బోరు కలుపుతారు.

ఆ తర్వాత జరిగింది చిన్న విషయమే. అత్తయ్య వంటింట్లో అక్కకి సాయం చేస్తూ కరివేపాకు తీయబోయారు. గట్టు మీద నల్లపిడి కత్తి ఉంది. ఆవిడకి కనబడలేదు. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమకంటికి ఇంకా కాలేదు. నల్లరాయి మీద నల్లపిడి, మెరిసే రాయి మీద మెరిసే అంచు. చెయ్యి నేరుగా అంచు మీద పడింది. చూపుడువేలు కొసన బియ్యపుగింజంత తెగింది. పసుపు అద్దుకుని "ఏం కాలేదు" అన్నారు. నేను ఆ వేలు పట్టుకుని కొళాయి కింద పెట్టినప్పుడు, వారంరోజులుగా నేను రాళ్లకి పరీక్షలు పెడుతున్నాను గానీ ఆ గట్టు ముందు రోజుకి ఆరు గంటలు నిలబడే మనిషిని ఒక్క మాట అడగలేదని తెలిసొచ్చింది.

ఇంటికొచ్చి అయిదు ముక్కలూ ఆవిడ ముందు పెట్టాను. ఒక్కోదాని మీద నాలుగు ఆవాలు, నాలుగు మినపగుళ్లు, ఒక వెంట్రుక వేశాను. "ఏది బాగా కనబడుతోంది అత్తయ్యా?" అని అడిగాను. నల్లదాని మీద ఆవాలు కనబడలేదు. తెల్లదాని మీద మినపగుళ్లు కనబడలేదు. శ్రీకాకుళం బ్లూ మీద ఆవాలూ కనబడ్డాయి, గుళ్లూ కనబడ్డాయి. వెంట్రుక మాత్రం దాని చారల్లో కలిసిపోయింది. ఆవిడ చాలాసేపు చేత్తో తడిమి, "ఇది మనవైపు రాయేనా?" అన్నారు. టెక్కలి వైపు క్వారీలనుంచి వస్తుందని, దీన్నే బయటి ఊళ్లలో వైజాగ్ బ్లూ అని కూడా అంటారని చెప్పాను. ఆవిడ పుట్టిల్లు నరసన్నపేట. "అయితే ఇదే వెయ్యమ్మా" అన్నారు. మూడు వారాల్లో ఆవిడ చెప్పిన మొదటి అభిప్రాయం అది.

చదరపు అడుగు 140 పడింది. గోడకి నాలుగంగుళాల పట్టీ, ముందు అంచు రెట్టింపు కనబడ్డానికి అతికించే పట్టీ, కోతలో పోయేది కలిపి 38 అడుగులకి బిల్లు వేశారు. 5,320 రూపాయలు. పలకని నిలబెట్టించి రూపాయి బిళ్లతో అక్కడక్కడా తట్టి చూశాను. ఖంగుమని మోగితే మంచిది, మొద్దుగా శబ్దం వస్తే లోపల పగులు ఉన్నట్టు. మందం కూడా నాలుగు మూలలా టేపు పెట్టి కొలిచాను. ఒక మూల పదహారు మిల్లీమీటర్లు, ఇంకోమూల పంతొమ్మిది ఉన్న పలకని మార్పించాను.

అత్తయ్యని అడగడం మొదలుపెట్టాక ఎత్తు సంగతి కూడా బయటపడింది. పాత గట్టు నేలనుంచి 34 అంగుళాలు. దానిమీద పొయ్యి ఇంకో అయిదు అంగుళాలు. అత్తయ్య నాలుగడుగుల పది. కుక్కరులో గరిటె తిప్పాలంటే మోచెయ్యి భుజం దాకా లేపాలి. ఇన్నేళ్లుగా రాత్రిళ్లు భుజానికి రాసుకునే జండూబామ్ ఎందుకో అప్పుడు అర్థమైంది. నిలబడి మోచెయ్యి మడిస్తే, ఆ మోచేతికి నాలుగైదు అంగుళాలు కింద గట్టు ఉండాలి. సింకు దగ్గర లెక్క వేరు, చెయ్యి తొట్టి అడుగుదాకా దిగాలి కాబట్టి అక్కడ ఎత్తుగా ఉంటేనే నడుం వంగదు. మేస్త్రీతో కూర్చుని పొయ్యివైపు 31, సింకువైపు 34 చేయించాం. మూలన మూడంగుళాల మెట్టు వస్తుంది. "ఎవరూ ఇలా చేయించుకోరమ్మా" అన్నాడు. చేయిస్తే తప్పేముందని అడిగితే నవ్వి ఒప్పుకున్నాడు.

ఈసారి కింద ఇనుము వద్దనుకున్నాం. చువ్వల స్లాబు తీసేసి, నిలువుగా రాతి పలకలు నిలబెట్టి వాటిమీద గట్టు కూర్చోబెట్టాం. ఆ నిలువు పలకలు, మధ్య అరలు పాత కడప బండనుంచే వచ్చాయి. నిమ్మకాయ పిండనంతవరకూ అది గట్టి రాయే. సింకు 304 గ్రేడు ముద్ర చూసి తీసుకున్నాం. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని షాపుల్లో చూపిస్తారు గానీ తక్కువరకం 202కి కూడా అది అంటుకోదు, అందుకని ఆ పరీక్షని నమ్మొద్దు.

కోత రోజు సంగతి రాయకుండా ఉండలేను. పార్కింగులో ఇద్దరు కుర్రాళ్లు పొడిగా కోయడం మొదలుపెట్టారు. రెండు నిమిషాల్లో తెల్లటి పొగ. వాళ్ల కనురెప్పల మీద కూడా బూడిద. మాస్కు లేదు, రుమాలు కూడా లేదు. నేను పరుగున కిందికి వెళ్లి మిషను ఆపించాను. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనబడనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల్లో దిగి అక్కడ మచ్చలు కడతాయి. సిలికోసిస్ అంటారు, వస్తే నయం కాదు. సిలికా మరీ ఎక్కువుండే క్వార్ట్జ్ పలకలు కోసేవాళ్లకి ఈ జబ్బు వస్తోందని ఆస్ట్రేలియాలో 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించారు. గ్రానైట్‌లో అంత ఉండదు గానీ ఉంటుంది. "ఏటవుద్దమ్మా, పదేళ్లనుంచీ ఇదే పని" అన్నాడు పెద్ద కుర్రాడు. వాచ్‌మన్‌తో తోట పైపు తెప్పించి బ్లేడు మీద నీళ్లు పడేలా పెట్టించాను. మందులషాపునుంచి ఎన్95 మాస్కులు నాలుగు తెచ్చి ఇచ్చాను. నీళ్లతో కోస్తే పని అరగంట ఆలస్యమైంది, పార్కింగంతా బురదైంది. చీపుళ్లు పట్టుకుని కడుక్కున్నాం. మీ ఇంట్లో ఏ రాయి వేయించుకున్నా ఈ ఒక్క పని చేయించండి, నీళ్లు పోసి కోయమనండి.

ఆ సాయంత్రమే పొరపాటు జరిగింది. సింకు కన్నం కిందనే కోసేసి, ఆ పలకని నలుగురు పడుకోబెట్టి మెట్లెక్కించారు. సింకు ముందువైపు మిగిలేది మూడంగుళాల సన్న పట్టీ. పలక మొత్తంలో బలహీనమైన చోటు అదే. మొదటి అంతస్తు మలుపులో టప్పుమంది. నిలువుగా పట్టుకుని తేవాలి, లేదా పైకి తెచ్చాక కన్నం కోయాలి. అరాల్డైట్‌లో రాతిపొడి కలిపి అతికిస్తే కనబడదన్నారు. నేను ఒప్పుకోలేదు. రోజంతా నీళ్లు పడి, బరువు పడే చోట అతుకు నిలవదు. రెండురోజులు వాదన జరిగి చివరికి రాయి ఖరీదు సగం వాళ్లు, సగం మేము పెట్టుకున్నాం. కొత్త పలక వేరే లాటులోది. పొయ్యివైపు చారలు సన్నగా అడ్డంగా పారుతుంటే, సింకువైపు వెడల్పుగా ఏటవాలుగా ఉన్నాయి. ఒకే ఎత్తులో పక్కపక్కన ఉంటే కంటికి కొట్టేది. మూడంగుళాల మెట్టు మధ్యలో ఉండబట్టి సరిపోయింది. కొనేటప్పుడే అదే లాటులో ఒక పలక అదనంగా షాపులో పక్కన పెట్టించి ఉంటే ఈ తేడా కూడా వచ్చేది కాదు. అది నా తప్పే.

ఇప్పటికి నాలుగు నెలలైంది. ఆవకాయ కూడా ఈ గట్టు మీదే పెట్టాం. నూనె ఒలికితే పొడిగుడ్డతో అద్ది, తర్వాత సబ్బునీళ్లతో తుడుస్తున్నాం. బాత్రూము యాసిడ్లు దీని దరిదాపులకి రానివ్వడం లేదు. ముందు అంచు అడుగున మేస్త్రీ చేత పొడవునా ఒక సన్న గాడి కొట్టించాను, ఒలికిన నీళ్లు తలుపుల మీదకి జారకుండా ఆ గాడి దగ్గరే చుక్కలై నేలమీద పడుతున్నాయి. చీమలు మాత్రం ఈ చారల్లో కనబడవు. బెల్లం పొడి పడితే చేత్తో తడిమి చూసుకోవాల్సిందే. వంటింట్లోకి నేను కోరుకున్న వెలుగు రాలేదు, గట్టు మీద పైన ఒక ట్యూబ్‌లైటు పెట్టించాం.

సింకు కోతలో మిగిలిన ముక్క పారెయ్యబోతుంటే అత్తయ్య ఆపారు. ఒకటిన్నర అడుగుల పలక. మేస్త్రీ రెండువందలు తీసుకుని నాలుగువైపులా అంచులు నున్నగా చేసి ఇచ్చాడు. సాయంత్రం టీవీ ముందు కింద కూర్చుని, ఆ ముక్క ముందు పెట్టుకుని, దానిమీదే చపాతీలు ఒత్తుతున్నారు.